హా అనే స్వరం

రీగాలో జనవరి. మూడో అంతస్తు, పద్నాలుగో నంబరు గది.
హీటరు గొట్టంలో ఎవరో చెంచాతో కొడుతున్నట్టు చప్పుడు.
ఇరియా ఓబో పెట్టె తెరిచి
ముందు తన వేళ్ళు ఊదుకుంది,
తర్వాత రీడును పెదాల మధ్య తడుపుకుంది.

నేను పియానో దగ్గర. ఎప్పుడూ అక్కడే.
ఇరవై ఆరేళ్ళుగా
ఇతరుల ఊపిరికి తోడు వాయిస్తున్నాను.

"హా నుంచి," అంది వెల్గా టీచరు.
ఇరియా ఊదలేదు.
"హా," మళ్ళీ అంది, పెన్సిలుతో స్టాండును తట్టి.
పిల్ల కళ్ళు కాగితమంతా తడిమాయి,
పడిపోయిన చెవిపోగును గచ్చు మీద వెతుకుతున్నట్టు.

హా మాకు ఒక స్వరం.
ఆ పిల్ల ఊళ్ళో, పోర్తోలో, దాన్నే సి అంటారట,
దో రే మి వరసలో చిట్టచివరిది.
హా అక్షరం వాళ్ళకూ ఉందట గానీ
పలకరట.
పెళ్ళికొచ్చి ఎవరూ పలకరించని చుట్టంలా
మాట ముందు ఊరికే నిలబడి ఉంటుందట.
రెండు విమానాలు మారి వచ్చిన పిల్లను
ఆ నోరులేని అక్షరాన్ని వాయించమంటే
ఏం వాయిస్తుంది?

కింద ఆఫీసులో జిద్రా దగ్గర
ఇరియా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
మూడు సంతకాలు, ముప్పై క్రెడిట్లు, అయిదు నెలలు.
భాషాస్థాయి: బి రెండు.
మా చెవికి బి అంటే
హా కన్నా అరమెట్టు కింద.

ఫిబ్రవరిలో రీడ్లు చీలడం మొదలైంది.
వాళ్ళ మేనమామ ఏటి ఒడ్డున కోసి
రెండేళ్ళు అటక మీద ఆరబెట్టిన కిక్కిసకర్ర,
మా హీటరు పొడిగాలికి తట్టుకోలేదు.
ఏడోది చీలిన రోజు ఇరియా ఏడవలేదు,
పోర్చుగీసులో ఏదో చిన్న మాట అంది,
అర్థం అడగనక్కర్లేని మాట.

వెల్గా తన సంచిలోంచి చాకు తీసింది.
చెక్క పిడి, బొటనవేలు ఆనేచోట గుంటపడిపోయింది.
తడి తువ్వాలు హీటరు మీద పరిచి
ఇద్దరూ కిటికీ వెలుగులో కూర్చుని
గీరడం, వెలుగుకు పట్టి చూడడం,
నోట్లో పెట్టుకుని కాకిలా ఒక్క కూత,
మళ్ళీ గీరడం.
ఆ గంటసేపూ ఏ భాషా అవసరం రాలేదు.
నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.
ఆ గంటకూ నాకు జీతం పడింది,
అది వేరే సంగతి.

జూన్‌లో ఆమె వెళ్ళిపోయింది. అక్టోబరులో వెల్గా వంతు.
అయిదు రోజులు పోర్తోలో, ఎనిమిది గంటల పాఠం తప్పనిసరి.
నేనూ ఫారం అడిగాను.
విద్యార్థులకో గడి, బోధకులకో గడి, సిబ్బందికో గడి.
గంటల లెక్కన వాయించేవాళ్ళు ఏ గడిలోకొస్తారో
జిద్రా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"వచ్చే ఏడు చూద్దాం" అంది.
పోయినేడూ అలాగే చూసింది పాపం.

వెల్గా తిరిగొచ్చింది, సంచి నిండా నిమ్మకాయలు.
అక్కడి గదిలోంచి నది కనబడుతుందట,
కిటికీలు మూయరట, కొంగల గోల పాఠంలోకి వస్తుందట.
"కొంగలా?"
"సముద్రపు పక్షులు, ఏవో ఒకటి."
ఇరియా స్టేషనుకొచ్చి తన చాకు చూపించిందట,
కొత్తది, పిడి ఇంకా గుంటపడలేదు.
"అక్కడ పియానో ఎవరు వాయించారు?" అడిగాను.
"ఒకాయన. బాగా వాయించాడు."
కాసేపాగి,
"పేరు అడగడం మర్చిపోయాను."

మర్నాడు నౌరిస్ పాఠం.
మెట్లెక్కిన రొప్పు ఇంకా తగ్గలేదు వాడికి.
"సి నుంచి," అంది వెల్గా.
వాడు ఓబో దించి చూశాడు.
ఆమె కూడా తన నోట్లోంచి ఎవరు మాట్లాడారా అని
పెన్సిలు గాల్లోనే ఆపింది.

నేను ఏ పేరూ పలకలేదు.
ఎడమచేతి చూపుడువేలితో ఆ మెట్టు నొక్కి
అది దానంతటదే ఆరిపోయేదాకా
వేలు తియ్యలేదు.